దసరా సెలవులు నాలుగు రోజులు: నల్లగొండ, పాలమూరు వైపు ఎవరూ పెద్దగా పోని చోట్లు చెప్పండి

బత్తాయితోట (నల్లగొండ)
అందరికీ నమస్తే. దసరాకు నాలుగు రోజులు దొరికాయి. కారు ఉంది. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు (పాపకు 13, బాబుకు 9), మా నాన్న. నాన్నకు 72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కువుంటే కష్టం. సాగర్, యాదగిరిగుట్ట, శ్రీశైలం చాలాసార్లు చూశాం. పండగ రోజుల్లో అక్కడ పార్కింగ్ దొరికేసరికే సగం పూట అయిపోతుంది. దక్షిణ తెలంగాణ దాటకుండా, మన పక్కనే ఉండి మనకు తెలియని చోట్లు కావాలి. హోటల్ ఎలా ఉన్నా పర్లేదు, కడుపునిండా తిండి, శుభ్రమైన బాత్రూం ఉంటే చాలు.

జడ్చర్ల జంక్షన్
అక్కా, మా జడ్చర్ల పక్కన ఆల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి ఉంది. హైవే మీద రోజూ వేల బండ్లు పోతాయి, పక్కకు తిరిగేది పదీ ఇరవై. మొత్తం ఇటుకలతో కట్టిన జైన గుడి, అరవై అడుగుల పైచిలుకు ఎత్తు. రాతి గుళ్ళు మనకు ఊరూరా ఉన్నాయి గానీ ఇటుకతో ఇంత ఎత్తు లేపి, వెయ్యేళ్ళు దాటినా నిలబడిన గుడి ఎక్కడుంది చెప్పండి? చదును నేల. నాన్నగారికి ఇబ్బంది ఉండదు. అక్కడినుంచి గంగాపురం చెన్నకేశవాలయం కూడా దగ్గరే.

ఇంకోటి, దసరా అంటే సీతాఫలాల కాలం. సీతాఫలంలో ‘బాలానగర్’ రకం అని పుస్తకాల్లో కూడా ఉంటుంది. ఆ బాలానగర్ మాదే. రోడ్డు పక్కన గంపల్లో పెట్టి అమ్ముతారు. కళ్ళు విచ్చిన కాయ చూసి తీసుకోండి, రెండో రోజుకు పండుతుంది.

పేట టీచర్
సూర్యాపేట వైపు కూడా రండి. పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల గుళ్ళున్నాయి. ఎరకేశ్వరాలయం 1208లో ఎరకసాని కట్టించింది. ఆడమనిషి పేరు మీద ఎనిమిది వందల ఏళ్ళుగా గుడి నిలబడి ఉందని మా క్లాసు ఆడపిల్లలకు నేను ఏటా చెప్తాను. పక్కనే నామేశ్వరాలయంలో దూలం మీద కాకతీయుల నాటి రంగుల బొమ్మ ఉంది, క్షీరసాగర మథనం. చాలా భాగం చెరిగిపోయింది. ఫోన్ లైటు వేయకుండా, గుడి చీకటికి కళ్ళు అలవాటయ్యేదాకా రెండు నిమిషాలు ఆగితే ఎర్ర రంగు గీతలు మెల్లగా తేలతాయి.

అక్కడినుంచి ఫణిగిరి. కొండ పడగ విప్పిన పాములా ఉంటుంది, పేరు దాంతోనే వచ్చింది. పైన బౌద్ధ స్తూపం, చైత్యాలు, భిక్షువులు ఉన్న విహారాల పునాదులు. 2024 తవ్వకాల్లో కుండలో పెట్టి పాతిన 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఇక్ష్వాకుల కాలానివి. కొండ పెద్ద ఎత్తేమీ కాదు గానీ, మోకాళ్ళ నొప్పులుంటే కింద నీడలో కూర్చోవడం మేలు.

బత్తాయితోట
టీచర్ గారూ, పిల్లలమర్రి అంటే మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు కదా? మ్యాప్‌లో కొడితే అదే చూపిస్తోంది.

జడ్చర్ల జంక్షన్
రెండూ ఉన్నాయి అక్కా! పేట పక్కన గుళ్ళ పిల్లలమర్రి, పాలమూరు పక్కన చెట్టు పిల్లలమర్రి. మా చెట్టు ఏడు వందల ఏళ్ళదని చెప్తారు, మూడు ఎకరాల మీద పరుచుకుంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది, లోపలంతా చెదలు. ఆ తర్వాత ఏడాది కాండానికి సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా చెదల మందు ఎక్కించారు. ఆస్పత్రిలో మంచం మీది మనిషిని చూసినట్టు జనం పోయి చూసి వచ్చేవాళ్ళం. బతికింది. ఇప్పుడు చెట్టు కింద తిరగనివ్వరు, దూరంనుంచే చూడాలి. అదే మంచిది.

ఖిల్లా కింది ఊరు (వనపర్తి)
పేర్లతో పైలం అక్కా. పానగల్లు కూడా రెండున్నాయి. మీ నల్లగొండ పక్కన గుళ్ళ పానగల్లు, మా వనపర్తి జిల్లాలో కోట ఉన్న పానగల్. పోయిన ఏడు మా బంధువులు హైదరాబాద్ నుంచి మా ఇంటికి పెళ్ళికి బయలుదేరి, ఫోన్‌లో ‘పానగల్’ కొట్టి నేరుగా నల్లగొండ చేరుకున్నారు. లగ్నం తొమ్మిదిన్నరకు, వాళ్ళు వచ్చింది సాయంత్రం అప్పగింతలకు. పెద్దామె కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అన్న కూతురి తలంబ్రాలు చూడలేకపోయానని. అందుకే చెప్తున్నా, మ్యాప్‌లో ఊరి పేరుతో పాటు జిల్లా పేరు కూడా కొట్టండి.

మా వైపు వస్తే ఖిల్లా ఘణపురం చూడండి. రెండు గుట్టలను కలుపుతూ గోడ కట్టి కోట చేశారు, కింద గణపసముద్రం చెరువు. పిల్లలు, మీ ఆయన ఎక్కవచ్చు. నాన్నగారు కట్ట మీద కూర్చుంటే గుట్టలు రెండూ కనిపిస్తాయి.

ఉదయసముద్రం
బత్తాయితోట గారూ, మీరు నల్లగొండ అన్నారు. పానగల్లు మీకు నాలుగు కిలోమీటర్లు. ఛాయా సోమేశ్వరాలయం లోపలికి పోయి చూశారా? అడుగుతున్నది తప్పు పట్టడానికి కాదు. మా ఊళ్ళో పుట్టి అమెరికా వెళ్ళినవాళ్ళు కూడా తిరిగొచ్చాకే చూశామంటారు.

బత్తాయితోట
లేదండీ. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నా. శివరాత్రికి ఒకసారి బయటినుంచి దండం పెట్టుకుని వచ్చేశాను, క్యూ పెద్దగా ఉందని. ఇది చదివాక మనసుకు కష్టంగా అనిపించింది.

ఉదయసముద్రం
అయితే మొదటి రోజు పొద్దున అక్కడే మొదలుపెట్టండి. కందూరు చోళులు కట్టించిన గుడి. మూడు గర్భగుళ్ళు, నడుమ ఒకే మండపం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభంలాంటి నీడ పడుతుంది. పొద్దు ఎటు తిరిగినా అది కదలదు. సూర్యుడి ఎండ నేరుగా లోపలికి రాదు. మండపంలోకి పక్కలనుంచి వచ్చే వెలుతురు చెదిరి, స్తంభాల మధ్యనుంచి లోపలికి పోతుంది. ఆ స్తంభాల అమరికే నీడను అలా నిలబెడుతుంది. పాపకు 13 అన్నారు కదా, స్కూల్లో కాంతి పాఠం అయ్యే ఉంటుంది. ముందే ఏమీ చెప్పకండి, తననే వెతకనివ్వండి.

తర్వాత పచ్చల సోమేశ్వరాలయం, పక్కన మ్యూజియం, అటుపైన ఉదయసముద్రం కట్ట. ఈ చెరువు తవ్వించింది కూడా ఆ చోళులే. ఇప్పుడు కృష్ణ నీళ్ళతో నిండుతోంది. చిన్నప్పుడు నెర్రెలు విచ్చిన అడుగు చూసిన మాలాంటి వాళ్ళకు అది నిండుగా కనిపిస్తే కడుపు నిండుతుంది.

నిలువురాయి (మక్తల్)
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మీ నాలుగు రోజుల్లో ఒక్క పూట మా ముడుమాల్‌కు ఇవ్వండి. నారాయణపేట జిల్లా, కృష్ణ మండలం. మక్తల్ నుంచి రాయచూరు దారిలో పోయి లోపలికి తిరగాలి. నల్లగొండ నుంచి చూస్తే రాష్ట్రం ఆ చివర. అందుకే ఎవరూ రారు.

నది ఒడ్డున చేల మధ్య నిలువురాళ్ళు. దాదాపు 80 పెద్దవి. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తువి, అంటే పొడుగు మనిషి చెయ్యి పైకి చాచినా పై అంచు అందదు. వాటి చుట్టూ వరసలు వరసలుగా చిన్న రాళ్ళు, వేలల్లో. మూడువేల ఏళ్ళ పైమాటే అని పరిశోధకుల లెక్క. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు గారు ఏళ్ళ తరబడి ఇక్కడ తిరిగి కొలతలు తీశారు. కొన్ని వరసలు అయనాల రోజుల్లో (ఏడాదిలో పగలు అన్నిటికన్నా పొడుగైన, పొట్టైన రోజుల్లో) సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కుకు సరిగ్గా ఉంటాయి. ఒక రాతి మీద వేలి మొన పట్టేంత గుంటలు చెక్కి ఉన్నాయి, సప్తర్షి మండలం. ఆ రాయిని ముట్టుకోకుండా పక్కకు ఒంగి, పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు చూడండి. నడినెత్తిన ఎండ ఉంటే గుంటలు కనిపించవు. సాయంత్రం ఐదింటికి ఒక్కో గుంటలో చిటికెడు నీడ నిలుస్తుంది, అప్పుడు ఏడూ లెక్కపెట్టుకోవచ్చు. అక్షరం లేని కాలంలో ఎవరో కూర్చుని, రాత్రి ఆకాశం చూసి, పగలు రాతిలో దాన్ని దించుకున్నారు.

మా ఊరి వాళ్ళు వీటిని నిలురాళ్ళ తిమ్మప్ప అని మొక్కుతారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. జాబితాలో చేరక ముందునుంచీ వీటిని కాపాడింది ఆ మొక్కే. ఎన్నో రాళ్ళు గట్లకు, గోడలకు పోయాయి. దేవుడనుకున్నవి మిగిలాయి.

హోటల్, కొట్టు ఏమీ ఉండవు. సద్ది కట్టుకుని, నీళ్ళు తీసుకుని రండి.

సలేశ్వరం భక్తుడు
నిలువురాయి అన్నా, ఒక మాట అంటాను, కోపం వద్దు. ఇట్లాంటి చోట్ల పేర్లు అందరికీ చెప్పడం నాకు భయంగా ఉంది. నల్లమలలో సలేశ్వరం చూడండి. చైత్ర పున్నమికి కొద్ది రోజులే దారి తెరుస్తారు. మా చిన్నతనంలో ‘వస్తున్నాం లింగమయ్యా’ అని పిలుచుకుంటూ లోయలోకి దిగేవాళ్ళం. పూజ చేసేది చెంచులు. వెదురు బొంగుల్లో నీళ్ళు, విస్తరాకుల్లో బువ్వ. ఇప్పుడు లక్షల మంది వస్తున్నారు. జాతర అయిన వారానికి పోయి చూశా, ప్లాస్టిక్ సీసాలు గుండం అంచుదాకా. అవి ఏరింది మనం కాదు, అక్కడి చెంచు పిల్లలు. వీడియోలు పెట్టీ పెట్టీ అడవి మీదికి ఊరును తోలాం.

నిలువురాయి (మక్తల్)
కోపమెందుకు తమ్మీ, నువ్వు చెప్పింది నిజమే. కానీ మా సంగతి వేరు. మా దగ్గర ఎవరూ రాకపోవడమే నష్టమైంది. చూసేవాళ్ళు లేరు కాబట్టే రాళ్ళు పోయాయి. ఇప్పుడు నెలకు పది కార్లు వస్తే, ‘మన రాళ్ళకు విలువుంది’ అని పక్క చేను రైతుకు అనిపిస్తుంది. అడవికి ఒక నియమం, చేనుకు ఒక నియమం. అక్కలాంటి వాళ్ళు, పిల్లలకు చూపించి నెమ్మదిగా పోయేవాళ్ళు, నలుగురు వస్తే మంచిదే.

పేట టీచర్
ఇద్దరి మాటా నిజమే. ఫణిగిరి కూడా నిలువురాయి గారు చెప్పినట్టే. జనం వచ్చాకే కాపలా వచ్చింది.

మన్ననూర్ గేటు
అడవి మాట వచ్చింది కాబట్టి: అమ్రాబాద్ పులుల అభయారణ్యం వానాకాలంలో సఫారీకి మూసి అక్టోబర్ నుంచి తెరుస్తారు. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ సఫారీ బండిలోనే పోవాలి. నాన్నగారు కూర్చుని చూడవచ్చు. మల్లెలతీర్థం మాత్రం ఆయనకు వద్దు, జలపాతం దగ్గరికి చాలా మెట్లు దిగాలి, మళ్ళీ అవన్నీ ఎక్కాలి. శ్రీశైలం రోడ్డు రాత్రిపూట మూసేస్తారు, తొమ్మిదిలోపు గేటు దాటకపోతే తెల్లారేదాకా ఆగాల్సిందే. కోతులకు ఏమీ పెట్టకండి, తిండి కోసం రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

గద్వాల మగ్గం
జూరాల డ్యామ్ దాటి మా గద్వాల రండి. డ్యామ్ దగ్గర అప్పుడే పట్టిన చేప కోసి, కారం పట్టించి, మీ కళ్ళముందే వేయిస్తారు. ఇక చీరలు. కొట్టులో కొనండి, కొనకపోండి, ముందు మగ్గం మీద చూడండి. నేత నూలు, అంచు పట్టు. రెండు దారాలు వేరు, రెండింటి బిగువు వేరు. నాడె (పోగును అటూ ఇటూ మోసే పనిముట్టు) ఇటునుంచి పోయిన ప్రతిసారీ నూలు పోగు, అంచు పట్టు పోగును కొక్కెంలా పట్టుకుని వెనక్కు తిరగాలి. అంచు పక్కన ఇంకొకరు కూర్చుని రెండో నాడె అందిస్తారు. మా ఇంట్లో నేను నేస్తే మా ఆవిడ అంచు అందిస్తుంది. ఒక్క పోగు తప్పినా చీర పిండినప్పుడు అక్కడే విడిపోతుంది. దీన్నే కుప్పడం అంటాం. వెతికితే ఏ వీధిలోనైనా మగ్గం చప్పుడు వినిపిస్తుంది. గుమ్మం దగ్గర నిలబడి ‘చూడొచ్చా’ అని అడగండి, ఎవరూ కాదనరు.

గుర్రంగడ్డ అని కృష్ణ నడుమ దీవి మీద ఊరుంది, చాలా బాగుంటుంది. కానీ దసరాకు పైనుంచి నీళ్ళు వదులుతుంటారు. వరదప్పుడు పుట్టి ఎక్కవద్దు, ఎవరు రమ్మన్నా ఎక్కవద్దు.

మునిగిన ఊరు
నేను ఇక్కడ ఎక్కువగా రాయను. మీ ప్రయాణం మా వైపు వస్తోంది కాబట్టి రాస్తున్నా.

మాది కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డు ఊరు. శ్రీశైలం డ్యామ్ కట్టాక, 1981 ప్రాంతంలో నీళ్ళ కిందికి పోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఇల్లు విప్పి వాసాలు, తలుపులు ఎడ్లబండి మీద వేసుకుని పోయాం. గడప మాత్రం రాలేదు, రాయిది, బరువు. మా నాయనమ్మ దానికి పసుపు రాసి వదిలిపెట్టింది.

మనుషుల్లాగే గుళ్ళనూ తరలించారు. రాయి రాయికి నంబరు వేసి విప్పి, ఒడ్డున మళ్ళీ అదే వరసలో పేర్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి అట్లా వచ్చిందే. సోమశిల గుళ్ళు, అలంపురంలో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం, మీరు పైన మాట్లాడుకున్న పాలమూరు మర్రిచెట్టు పక్కనున్న గుడి కూడా. వీటిని ‘పాత గుడి’ అని చూసి పోతారు జనం. అవి కూడా మాలాగే ఊరు విడిచి వచ్చినవి. జటప్రోలులో ఆగితే స్తంభాలు చూడండి. వాటి దగ్గర పాత ఊరి సంగతులు చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

సోమశిలలో లాంచీ ఎక్కితే అవతలి ఒడ్డు వైపు సప్తనదుల సంగమేశ్వరం. దసరాకు అది నీళ్ళలోనే ఉంటుంది, గుడి కనపడదు. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడే బయటికి వస్తుంది. అక్కడ వేప కొయ్య లింగం. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలో ఉన్నా అట్లాగే ఉంది.

బత్తాయితోట
మునిగిన ఊరు గారూ, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. మాట్లాడలేదు, మళ్ళీ ఒకసారి చదవమన్నారు.

మా ప్లాన్ ఇదీ. మొదటి రోజు పొద్దున పానగల్లు (నల్లగొండది!), తర్వాత దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల, గొల్లత్తగుడి, రాత్రి మహబూబ్‌నగర్. రెండో రోజు మక్తల్, సాయంత్రం ముడుమాల్. మూడో రోజు జూరాల, గద్వాల. నాలుగో రోజు పెబ్బేరు మీదుగా జటప్రోలు, సోమశిల, ఇంటికి. సూర్యాపేట వైపు వేరే ఆదివారం పోతాం టీచర్ గారూ. అడవి ఈసారికి వద్దనుకున్నాం.

జడ్చర్ల జంక్షన్
బాగుంది. నాలుగో రోజు మాత్రం తెల్లవారుజామునే బయలుదేరండి, దారి పొడుగు. సద్దుల బతుకమ్మకు ముందే ఇంటికి చేరేలా చూసుకోండి.

బత్తాయితోట
వచ్చేశాం. నిన్న రాత్రే. ముందు పిల్లల మాట. ఛాయా సోమేశ్వరంలో పాప నీడ అంచు గోడ మీద ఏ పగులుకు ఆనుతోందో నోట్‌బుక్‌లో గీసుకుంది. పచ్చల సోమేశ్వరం, మ్యూజియం చూసి రెండు గంటల తర్వాత మళ్ళీ తీసుకెళ్ళమంది. నీడ అదే పగులు దగ్గర ఉంది. బయట మా నీడలు మాత్రం పొట్టివైపోయాయి. రాత్రి మహబూబ్‌నగర్ లాడ్జిలో అగ్గిపెట్టెలు నిలబెట్టి, రెండు ఫోన్ల లైట్లతో ఇద్దరూ పదకొండింటిదాకా కుస్తీ పట్టారు.

ముడుమాల్‌లో మేం తప్ప ఎవరూ లేరు. పొలంలో ఒక పెద్దాయన వచ్చి నాన్నతో మాట కలిపారు. ‘తిమ్మప్ప దగ్గర చెప్పులు విడువుర్రి’ అన్నారు, విడిచాం. ఆయనే చెయ్యి పట్టుకుని నాన్నను గట్టు దాటించారు. ఐదుంబావుకు గుంటల్లో నీడ వచ్చింది. బాబు ఏడూ లెక్కపెట్టాడు. చీకటి పడ్డాక కారు ఎక్కబోతూ ఆకాశంలో చూపించమన్నాడు. ఈ కాలంలో సాయంత్రం సప్తర్షులు కనపడరు, దిగంతానికి దిగిపోయి ఉంటారని నాన్న చెప్పారు. ఎండాకాలం మళ్ళీ వద్దామని వాడికి మాటిచ్చాను.

గద్వాలలో చీర ఒకటి కొన్నాను, మగ్గం చూశాక. ఆ చీర ధర విని బేరమాడబుద్ధి కాలేదు.

జటప్రోలులో నాన్న స్తంభానికి ఆనుకుని చాలాసేపు కూర్చున్నారు. మాకెప్పుడూ చెప్పలేదు గానీ, ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఈ వైపు ఒక బడిలో రెండేళ్ళు పనిచేశారట. ఆ ఊరు ఇప్పుడు లేదు. సోమశిల లాంచీలో నీళ్ళ మీద ఒక చోటు చూపించి ‘ఇక్కడే అయ్యుంటుంది’ అన్నారు. మళ్ళీ ఇంకోచోటు చూపించారు. నీళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఆనవాలు పట్టలేకపోయారు.

మునిగిన ఊరు
అమ్మా, ఏ ఊరి బడి? పేరు అడిగి చెప్పగలరా?

బత్తాయితోట
మీకు మెసేజ్ పెట్టాను, చూడండి. సంగమేశ్వరం ఎప్పుడు తేలుతుందని నాన్న అడుగుతున్నారు.

మునిగిన ఊరు
చూశాను. మా పక్క ఊరే. మా అన్న ఆ బడిలోనే చదివాడు. శివరాత్రి దాటనివ్వండి, నీళ్ళు వెనక్కు పోయినప్పుడు నేనే ఫోన్ చేస్తా. గుడితో పాటు మా ఊళ్ళ గోడలు, బావి గట్లు కూడా అప్పుడే బయటపడతాయి. బడి ఎక్కడుండేదో మా అన్నకు తెలుసు. బురద ఆరాక పోదాం, నాన్నగారిని చెరో పక్కన పట్టుకుని నడిపిస్తాం.